1967 అంబాసిడర్ మార్క్ 2కి ఏసీ: ఏ పైపులు, ఏ ఫిట్టింగులు తీసుకోవాలి?

మల్కాజ్‌గిరి మార్క్‌టూ

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1967 అంబాసిడర్ మార్క్ 2 పని చివరికొచ్చింది. ఇంజిన్ ఇసుజు 1.8 పెట్రోల్, ఆ మార్పు ఆర్సీలో కూడా ఎక్కించాం. పెయింట్ అయిపోయింది, వైరింగ్ అంతా కొత్తది, ఆల్టర్నేటర్ కూడా పెద్దది వేశాం. ఇక మిగిలింది ఏసీ. అమ్మకు డెబ్బై దాటాయి. నరసింహ జయంతికి ఈ బండిలోనే యాదగిరిగుట్ట వెళ్లాలని ఆమె కోరిక. అంటే వైశాఖం, నడి ఎండలు. ఏసీ లేకుండా ఆమెను అంత దూరం తీసుకెళ్లలేను.

నా దగ్గరున్న సామాను ఇది. కంప్రెసర్ శాండెన్ 508 రకం. దానికి బ్రాకెట్ బాలానగర్‌లో చేయించాం, బెల్టు వరస సరిగ్గా కుదిరింది. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) కొత్తది, ప్యారలల్ ఫ్లో రకం, జపాన్ కార్ల తరహాది. గ్రిల్లుకీ రేడియేటర్‌కీ మధ్య చక్కగా కూర్చుంది. డ్యాష్‌బోర్డు కింద వేలాడే కూలింగ్ కాయిల్ డబ్బా మాత్రం పాతదే. తొంభైల్లో నాన్న వేయించారు, అప్పుడు ఆర్-12 గ్యాస్. నల్ల నాబ్‌లు, క్రోమ్ అంచు ఉన్న ఆ డబ్బా అంటే ఇంట్లో అందరికీ ఇష్టం, తీసేయాలని లేదు. కాయిల్ విప్పించి, గాలి పెట్టి నీళ్లలో ముంచి చూశాం, ఎక్కడా బుడగ రాలేదు.

చిక్కంతా వీటిని కలిపే పైపుల దగ్గరే వచ్చింది. ఒక ఏసీ షాపువాళ్లు వచ్చి చూసి, పాత రబ్బరు పైపులు బాగానే ఉన్నాయి, చివర్లు కోసి క్లాంపులు బిగిస్తే చాలన్నారు. ఇంకో చోట, జేసీబీకి వేసే హైడ్రాలిక్ పైపు వేద్దాం, ఎంత ప్రెషరైనా ఆపుతుంది అన్నారు. రెండూ నా మనసుకు ఎక్కలేదు. నెట్‌లో చూస్తే 6, 8, 10 నంబర్లంటారు, బ్యారియర్ అంటారు, రెడ్యూస్డ్ అంటారు, ఫ్లేర్ అంటారు, ఓరింగ్ అంటారు. చదివేకొద్దీ గందరగోళం పెరిగింది.

అడగదలుచుకున్నవి: ఏ లైన్‌కి ఏ సైజు? సన్నరకం పైపు మంచిదా, మామూలుదా? ఫిట్టింగులు అల్యూమినియమా, ఇనుమా? కండెన్సర్ నట్టు కంప్రెసర్‌కి పట్టడం లేదు, మధ్యలో అడాప్టర్లు వేయాలా? పైపులు బిగించే పని సిటీలో ఎక్కడ చేయించుకుంటే నమ్మకంగా ఉంటుంది? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

ఉప్పల్ గ్రాండ్

బ్రదర్, తర్వాత వచ్చిన అంబాసిడర్ గ్రాండ్‌లో ఏసీ ఉండేది కదా. ఆ పైపుల సెట్టు పాత సామాను దగ్గర దొరికితే తెచ్చి బిగించేయండి. కొత్తగా చేయించే పని తప్పుతుంది.

కూకట్‌పల్లి కూలింగ్

మార్క్‌టూ అన్నా, నమస్తే. నేను కార్ల ఏసీ పనే చేస్త. ఆర్-12 బండ్ల మీద పని నేర్చుకున్న, ఇప్పటి బండ్లూ చేస్తున్న. పాత బండికి ఏసీ పెట్టుడంటే నాకు పాణం. అందుకే జెర పొడుగ్గనే రాస్తున్న, ఓపికగ చదువుండ్రి.

ఉప్పల్ అన్న చెప్పింది వేరే బండికైతే నడుస్తుండె. మీ కంప్రెసర్ కూసున్న జాగ వేరు, బ్రాకెట్ వేరు, కండెన్సర్ మూతుల దిక్కు వేరు. కంపెనీ పైపు వంపులు మీ బండ్ల కుదరయి. కుదిరించనీకి గుంజితె ఆ గుంజుడు పోయి జాయింటు మీద పడ్తది. మీకు కొత్తగ చేయించుడే మేలు.

ఆ పాత పైపులు మాత్రం పక్కకు పెట్టుండ్రి. పైకి మంచిగనే కనిపిస్తయి, వంచితె పగులు కూడ ఉండది. కని అవి ఆర్-12 కాలం నాటి ఉత్త రబ్బరు పైపులు. 1987ల మాంట్రియల్ ఒప్పందం అయినంక ఆ గ్యాస్ మెల్లమెల్లగ బందైంది. 2010కల్ల మన దేశంల కూడ దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు మీరు నింపేది ఆర్-134ఏ. దాని అణువు చిన్నది, ఉత్త రబ్బరు గోడల నుంచి మెల్లగ బైటికి పోతనే ఉంటది. జాయింట్లన్ని సబ్బు నీళ్లు పెట్టి చూసినా ఒక్క బుడగ రాదు, గ్యాస్ మాత్రం ఎండకాలం నడుమల ఖాళీ. అందుకే ఇప్పటి పైపుల లోపలి దిక్కు సన్నటి నైలాన్ పొర ఉంటది. బ్యారియర్ పైపు అనేది దీన్నే. పైపు మీద అచ్చు చదువుండ్రి, ఆర్-134ఏ అని, ఎస్ఏఈ జె2064 అని ఉండాలె. అచ్చు లేని పైపు ఎంత అగ్గువకు ఇచ్చినా తీసుకోవద్దు.

క్లాంపుల సంగతి. పాత ఫిట్టింగుకు మెట్లు మెట్లుగ పదునైన అంచులుంటయి, ఉత్త రబ్బరును అవి కరిచి పట్టుకుంటుండె. బ్యారియర్ పైపును దాని మీదికి నూకితె ఆ అంచులు నైలాన్ పొరను గీరేస్తయి. పొర తెగినంక మనం పైసలు పెట్టింది దేనికి? హైడ్రాలిక్ పైపు కూడ వద్దు. ప్రెషర్ తట్టుకునుడు ఒకటి, గ్యాస్‌ను లోపట ఆపుడు ఇంకొకటి. ఆ పైపు నూనె కోసం చేసింది.

సైజుల కాడ ఆలోచించే పనే లేదు. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు 8 నంబర్, లోపలి కొలత 13/32 అంగుళం, దగ్గర దగ్గర 10 ఎం.ఎం. కండెన్సర్ నుంచి డ్రయర్‌కు (గ్యాస్‌ల తేమను గుంజే డబ్బా), డ్రయర్ నుంచి కాయిల్‌కు 6 నంబర్, 5/16 అంగుళం, అంటే 8 ఎం.ఎం. అండ్ల పోయేది ద్రవం కాబట్టి సన్నగున్నా సాలు. కాయిల్ నుంచి మళ్ల కంప్రెసర్‌కు 10 నంబర్, అర అంగుళం. ఈ ఆఖరి లైన్ల పలుచని గ్యాస్ పోతది, ప్రెషర్ తక్కువ, జాగ ఎక్కువ కావాలె. చేతిల 8 నంబర్ పైపు ఉందని ఆడ పెట్టేటోళ్లున్నరు. పెడితె కూలింగ్ పడిపోతది, ఎంత గ్యాస్ కొట్టినా రాదు.

ఇగ అసలు ముచ్చట. పైపు మంచిది దొరుకుడు కష్టం కాదు. లీకులొచ్చేది జాయింట్ల కాడ, అది కూడ ఒక దేశం థ్రెడ్డు ఇంకో దేశం థ్రెడ్డు మీదికి ఎక్కించినప్పుడు. మీ కండెన్సర్ జపాన్ తరహా అన్నరు. గట్లైతె దానికి మిల్లీమీటర్ థ్రెడ్లు ఉంటయి, చిన్న మూతి ఎం16, పెద్ద మూతి ఎం22, రెండింటికీ పిచ్, అంటే చుట్టుకూ చుట్టుకూ నడుమ దూరం, 1.5 ఎం.ఎం. మీ కాయిల్ డబ్బాకు అంగుళాల థ్రెడ్లు. 6 నంబర్‌ది 5/8 అంగుళం, అంగుళానికి 18 చుట్లు. 5/8 అంగుళం అంటే 15.9 ఎం.ఎం. దాని నట్టు ఎం16 మీద పెడితె ఒకటి రెండు చుట్లు మస్తు పోతది. చేతికి సరిపోయినట్టే తాకుతది. అప్పుడు స్పానర్ వేసి గుంజితె అల్యూమినియం థ్రెడ్డు పిండి అయిపోతది, కండెన్సర్ పాయె.

ఇంకో మోసం ఉంది. 6 నంబర్ ఫ్లేర్‌కూ, 6 నంబర్ ఓరింగ్‌కూ థ్రెడ్డు ఒకటే, 5/8కి 18. నట్టు పూర్తిగ ఎక్కుతది, గట్టిగ బిగుస్తది, కని లోపట సీల్ కాదు. ఫ్లేర్ల లోహం మీద లోహం కూసోవాలె, రెండింటికీ 45 డిగ్రీల వాలు. ఓరింగ్ రకంల పైపు ముక్కు మూతి లోపటికి దిగి, రబ్బరు రింగు నడుమల ఒత్తుకుంటది. మూతి కొసకు సూడుండ్రి. బైటి దిక్కు వాలుగ చెక్కి ఉంటె ఫ్లేర్. కొస చదునుగ ఉండి, లోపటి గోడ నున్నగ ఉండి, అంచుకు చిన్న గాడి ఉంటె ఓరింగ్.

అడాప్టర్లు అడిగిన్రు. నేనైతె వద్దంట. ఒక్కో అడాప్టర్‌తోని లీకయ్యే జాగ ఒకటి కలుస్తది. పైపు ఒక కొసకు మిల్లీమీటర్ ఫిట్టింగు, ఇంకో కొసకు అంగుళాల ఫిట్టింగు కొట్టించుకోవచ్చు గద. పైపు దిక్కు కొలత రెండింటికీ ఒకటే.

కాబట్టి ఏమీ కొనకముందు రాణిగంజ్‌ల థ్రెడ్డు చుట్లు కొలిచే పిచ్ గేజ్ ఒకటి, మూతి మందం కొలిచే వెర్నియర్ ఒకటి తెచ్చుకోండ్రి. ఎనిమిది కొసలున్నయి మీకు. ఒక్కోటి కొలిచి, అది ఫ్లేరా ఓరింగా సూసి, కాయితం మీద రాసి ఈడ పెట్టుండ్రి. మిగిలింది అప్పుడు చెప్త.

ఈసీఐఎల్ కాంటెస్సా

కూలింగ్ గారు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా కాంటెస్సాకి రెండేళ్ల కిందట పైపులన్నీ కొత్తగా వేయించాను, నా వైపు నుంచి కొన్ని విషయాలు.

ఇంజిన్ మార్పు ఆర్సీలో ఎక్కించారని చదివి సంతోషం కలిగింది. చాలామంది ఆ పని వదిలేస్తారు.

సన్నరకం విషయానికొస్తే, రెడ్యూస్డ్ బ్యారియర్ పైపుకు లోపలి కొలత అదే ఉంటుంది, గోడ మందమే తక్కువ. డ్యాష్‌బోర్డు కింద, ఫైర్‌వాల్ దగ్గర ఇరుకులో చక్కగా వంగుతుంది. మా కారులో 10 నంబర్ మామూలు పైపు గ్లవ్ బాక్స్ వెనక తిరగనే లేదు, ఆ ఒక్క లైన్ కోసం అన్నీ సన్నరకానికి మార్చాను. అయితే దాని ఫిట్టింగుల గొట్టం కూడా చిన్నదే ఉంటుంది. మామూలు ఫిట్టింగులో సన్న పైపు పెట్టి ఎంత నొక్కినా పట్టు రాదు, ఒత్తిడికి జారి బయటికి వస్తుంది. కొనేటప్పుడు పైపూ ఫిట్టింగులూ ఒకే కొట్లో, ఒకే రకానివి తీసుకోండి.

కంప్రెసర్ ఇంజిన్‌తో పాటు ఊగుతుంది, కండెన్సర్ బాడీకి బిగించి ఉంటుంది. యాక్సిలరేటర్ ఒక్కసారి కొట్టి ఇంజిన్ ఎంత పక్కకి వాలుతుందో చూడండి. ఆ రెండు పైపుల్లోనూ అంత వదులు ఉండాల్సిందే. అందం కోసం టైట్‌గా, నిటారుగా లాగించుకున్న కార్లు చూశాను, ఫిట్టింగు మెడ దగ్గర పగులుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు మాత్రం ఏ పైపూ పోనివ్వకండి, తప్పనిసరైతే వేడి ఆపే స్లీవ్ వేయండి. 10 నంబర్‌కి ఇది మరీ ముఖ్యం. చల్లగా తిరిగి వచ్చే గ్యాస్‌ని మనమే వేడి చేసుకున్నట్టవుతుంది.

ఇనుమా, అల్యూమినియమా అంటే, కంప్రెసర్ దగ్గర ఇనుము వేయించాను. అక్కడ అదురు ఎక్కువ. కండెన్సర్ మూతులు అల్యూమినియం కాబట్టి అక్కడ అల్యూమినియమే. మెత్తటి థ్రెడ్డు మీద ఇనుప నట్టు వేస్తే ఒక్క అడ్డ బిగింపుకే పాడవుతుంది.

మల్కాజ్‌గిరి మార్క్‌టూ

కూలింగ్ అన్నా, కాంటెస్సా గారూ, చాలా చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పిచ్ గేజ్ తెచ్చి అన్నీ కొలిచాను.

కంప్రెసర్: చిన్న మూతి 3/4కి 16 చుట్లు, పెద్దది 7/8కి 14 చుట్లు. రెండింటికీ కొస వాలుగా చెక్కి ఉంది, అంటే ఫ్లేర్. కండెన్సర్: మీరు చెప్పినట్టే ఎం16, ఎం22, రెండూ ఓరింగ్. కాయిల్ డబ్బా: లోపలికి వెళ్లేది ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కాయిల్‌లోకి ద్రవాన్ని కొద్దికొద్దిగా వదిలేది) మీద 5/8కి 18, ఫ్లేర్. బయటికి వచ్చేది 7/8కి 14, అదీ ఫ్లేర్. డ్రయర్ ఇంకా కొనలేదు, కొట్లో చూపించిన దానికి రెండు వైపులా 6 నంబర్ ఓరింగ్.

టార్చి వేసి చూస్తే కంప్రెసర్ పెద్ద మూతి వాలు మీద వెంట్రుక లాంటి గీత ఒకటి అడ్డంగా కనిపిస్తోంది. గోరుకి తగలడం లేదు. పర్వాలేదా?

కూకట్‌పల్లి కూలింగ్

మస్తు పని చేసిన్రు అన్నా. మీరు పెట్టిన కాయితం సూస్తె సగం ఏసీ అయినట్టే.

గీత గోరుకు తాకకపోతె భయం లేదు. ఫ్లేర్ వాలు మీద ఒక చుక్క మినరల్ ఆయిల్ రాసి బిగించుండ్రి. లీకు పరీక్షల ఆడ ముందు సూస్తం.

ఇగ లెక్క చెప్త. 8 నంబర్ పైపు: ఒక కొసకు 8 ఫ్లేర్, ఇనుముది, ఇంకో కొసకు ఎం22 ఓరింగ్, అల్యూమినియం. 6 నంబర్ పైపులు రెండు. ఒకటి ఎం16 నుంచి డ్రయర్‌కు, రెండు దిక్కులా ఓరింగే. రెండోది డ్రయర్ దిక్కు 6 ఓరింగ్, వాల్వ్ దిక్కు 6 ఫ్లేర్. ఈ రెండో పైపు కాడ పైలం. రెండు కొసలకు థ్రెడ్డు ఒకటే, తిప్పి పెట్టినా ఎక్కుతది. దాని మీద పెయింట్ పెన్నుతోని రాసి పెట్టుండ్రి. 10 నంబర్ రెండు దిక్కులా ఫ్లేర్. 8కీ, 10కీ గ్యాస్ నింపే మూతులున్న ఫిట్టింగులు అడుగుండ్రి, ఆర్-134ఏకు పెద్ద ప్రెషర్ దిక్కు మూతి 16 ఎం.ఎం., చిన్న ప్రెషర్ దిక్కు 13. పాత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఆర్-12ది, దాన్ని మార్చుండ్రి, థ్రెడ్లు ఇవే ఉన్నది సూసి. ప్రెషర్ స్విచ్ ఉన్న డ్రయరే తీసుకోండ్రి. కాయిల్‌ల పాత నూనె ఉంటది, కడిగించాలె. కొత్తగ పోసే కంప్రెసర్ ఆయిల్ పీఏజీ 100 రకంది.

పైపు కోసుడు హాక్సా బ్లేడుతోని వద్దు, రజను లోపట పడి వాల్వ్‌ల ఇరుక్కుంటది. పైపు కట్టర్‌తోని నిటారుగ కోయాలె. క్రింపింగ్‌కు, అంటే ఫిట్టింగును పైపు మీద మిషన్‌తోని నొక్కి బిగించనీకి, రాణిగంజ్‌ల మిషన్లు మస్తు ఉన్నయి, ఎక్కువ మటుకు హైడ్రాలిక్ పైపులకు. పోయినంక ఒక్కటే అడుగుండ్రి, ఏసీ డై (ఏసీ ఫిట్టింగులు నొక్కే అచ్చు) ఉందా అని. లేదంటె వాపస్ రాండ్రి. ఉన్నా వెంటనే కొట్టియొద్దు. ఫిట్టింగులు వట్టిగ పైపుల నూకి, బండి మీద పెట్టి, 90 డిగ్రీల మూతి ఏ దిక్కు సూడాలెనో ఆ దిక్కు తిప్పి, పైపు నుంచి ఫిట్టింగు దాంక పొడుగు గీత ఒకటి గీయుండ్రి. రెండు కొసలకూ గీయాలె. ఆ గీతలు కలిపి పట్టుకొని నొక్కాలె. నొక్కినంక పైపు తిరగదు, తిప్పితె జాయింటు పోతది. గొట్టం పక్కకు చిన్న రంధ్రం ఉంటది, అండ్లకెళ్లి నల్లగ రబ్బరు కనిపిస్తె పైపు నిండుగ దిగినట్టు. కనిపించకపోతె నొక్కనియ్యొద్దు.

ఓరింగులు హెచ్ఎన్‌బీఆర్ అనే రబ్బరువి తీసుకోండ్రి. ఆకుపచ్చగ ఉన్నయల్ల అదే అనుకోవద్దు, ప్యాకెట్ మీద సూడుండ్రి. రింగుకు మినరల్ ఆయిల్ రాయాలె. పీఏజీ గాలిల తేమను గుంజుతది, థ్రెడ్ల మీద పెడితె తుప్పు. బిగించేటప్పుడు రెండు స్పానర్లు, ఒకటి పట్టనీకి, ఒకటి తిప్పనీకి. టార్క్ రెంచ్ ఉంటె, అల్యూమినియం ఓరింగ్ జాయింటుకు 6 నంబర్ 15 నుంచి 18 న్యూటన్ మీటర్లు, 8 నంబర్ 20 నుంచి 27.

గ్యాస్ కంటె ముందు నైట్రోజన్. వాక్యూమ్ (పంపుతోని లోపటి గాలంత గుంజుడు) నిలబడ్డది, లీకు లేదు అని గ్యాస్ కొట్టేటోళ్లు ఉన్నరు. వాక్యూమ్‌ల గాలి ఒత్తిడి తేడా 15 పీఎస్ఐ కూడ ఉండది. మే నెలల మెహిదీపట్నం సిగ్నల్ కాడ మీ కండెన్సర్‌ల గ్యాస్ 60 డిగ్రీలకు వస్తె లైన్ల 230 ఉంటది. 15కు నిలబడ్డ జాయింటు 230కి నిలబడ్తదని గ్యారంటీ ఏంది? అందుకే పొడి నైట్రోజన్ 150 నుంచి 200 దాంక నింపి, ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు పెట్టి, రాత్రంత వదిలెయ్యాలె. మీటరుతోని పాటు ఎండ ఎంతుందో కూడ రాసుకోండ్రి. రాత్రి పది డిగ్రీలు సల్లబడితె 200 మీద ఆరేడు పీఎస్ఐ దానంతట అదే దిగుతది, అది లీకు కాదు. మళ్ల మధ్యాహ్నం అదే వేడికి సూస్తె అదే అంకె రావాలె. టైర్లకు కొట్టే కంప్రెసర్ గాలి గని, ఆక్సిజన్ గని అస్సలు పెట్టొద్దు. గాలిల తేమ ఉంటది, ఆక్సిజన్ నూనెతోని కలిస్తె పేలుతది.

ఆ పరీక్ష పాసైతె నైట్రోజన్ వదిలేసి, అర గంటకు తక్కువ కాకుండ వాక్యూమ్ పెట్టి, అప్పుడు గ్యాస్.

మల్కాజ్‌గిరి మార్క్‌టూ

అన్నా, సోమవారం రాణిగంజ్ వెళ్తున్నాను. కాంటెస్సా గారు చెప్పినట్టు పైపూ ఫిట్టింగులూ ఒకే కొట్లో సన్నరకం తీసుకుంటాను. పైపులు బండి మీద పెట్టి గీతలు గీసుకుని, కొట్టించేటప్పుడు నేనే దగ్గర ఉంటాను. నైట్రోజన్ పరీక్షకు బండి మీ దగ్గరికి తీసుకురావచ్చా? అమ్మ కూడా వస్తానంటోంది, మీతో మాట్లాడాలట.

కూకట్‌పల్లి కూలింగ్

తప్పకుంట తీసుకరాండ్రి అన్నా, అమ్మను కూడ. పొద్దుగాల వస్తె సల్లగ ఉంటది, సాయంత్రం దాంక మీటరు సూడొచ్చు. క్రింపింగ్ అయినంక పైపుల రెండు కొసలకూ మూతులు పెట్టుండ్రి, దుమ్ము పోవద్దు. డ్రయర్ మాత్రం ప్యాకెట్‌ల నుంచి తీయొద్దు, మూత విప్పొద్దు. అన్ని జాయింట్లు అయినంక ఆఖరికి నేనే విప్పి పెడ్త.